పిడికెడు బియ్యం, పిడికెడు నాచు

ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా సముద్రపు నాచు గొప్పదనం చెప్పేవాళ్ళు తగులుతున్నారు. నల్లటి కాగితం ముక్కల్లాంటివి ప్లేటులో పెట్టి, తినండి, ఒంటికి చాలా మంచిదట అంటారు. ఆ ‘అట’ వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరు చెప్పారు, ఎవరికి మంచిది, ఎంత తింటే మంచిది అని అడిగితే ఒక్కరి దగ్గరా జవాబుండదు. నేను ముట్టుకోను. సముద్రానికీ మా ఇంటికీ పాత తగాదా ఉందని చెప్పి, టీ తాగి వచ్చేస్తాను. నిజానికి ఆ తగాదా సముద్రంతో కాదు, నాచుతోనూ కాదు. నాచు తన మానాన తాను రాళ్ళని పట్టుకుని బతుకుతుంది. నా తగాదా మా మావయ్యతో, మా నాన్నతో, మా అమ్మని చూసి ముచ్చటపడిన బంధువులందరితో.

మావయ్య అంటే అమ్మకి సొంత అన్న. తెనాలిలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం మానాడు గానీ పాఠం మానలేదు. బస్సులో పక్కసీటు వాడికీ, బడ్డీకొట్లో సోడా కొట్టేవాడికీ, ఆఖరికి పెళ్ళి పందిట్లో పెళ్ళికొడుక్కీ పాఠం చెప్పేవాడు. ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది అని అడిగి, మనం నోరు తెరిచేలోపల తనే జవాబు చెప్పేసి, పాపం మనకి తెలీదని జాలిపడేవాడు. మా ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. నాన్న బాపట్లలో కాలవల ఆఫీసులో గుమాస్తా. ఆయనకి బావమరిది చదువంటే గౌరవం, భార్య మాటంటే చిరాకు.

అమ్మది నెమ్మది నడక, నెమ్మది మాట. ఒళ్ళు కాస్త బరువు. పొయ్యి దగ్గర నించి వసారాలోకి టీ తెచ్చేలోపు నాన్న నాలుగు మాటలు అనేసేవాడు. బద్ధకస్తురాలు అనేది మా ఇంట్లో తిట్టు కూడా కాదు, పిలుపు కింద లెక్క. అమ్మ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూసి ఆమెకి పట్టింపు లేదనుకున్నాం. ఆమె గొంతు మీద నిమ్మకాయంత గడ్డ ఒకటి, నేను పుట్టకముందు నించే ఉంది. పైటకొంగుతో కప్పుకునేది. తెనాలిలో ఒక డాక్టరు ఎప్పుడో చూసి, ఇది ఏమీ చెయ్యదు, మీరు దాని జోలికి పోకండి, అది మీ జోలికి రాదు, ఏడాదికోసారి కనపడండి చాలు అన్నారట. అమ్మ దాని జోలికి పోలేదు. దాని జోలికి పోయింది మావయ్య.

ఇది ఎనభైల చివరి మాట. అప్పటికి నేను రేపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. అక్కడే గది తీసుకుని ఉండేదాన్ని. సెలవు దొరికితే రేపల్లెలో పాసింజరెక్కి, తెనాలిలో దిగి, ఇంకో రైలు పట్టుకుని బాపట్ల చేరేదాన్ని. ఆ ఏడు మావయ్య రిటైరైన మాస్టార్లతో కలిసి రామేశ్వరం వైపు టూరు వెళ్ళొచ్చాడు. వాళ్ళంతా గుళ్ళూ వంతెనా చూస్తే మా మావయ్య నాచు చూశాడు. అక్కడ ఆడవాళ్ళు సముద్రంలో మునిగి రాళ్ళ మీద నాచు పీకి, ఇసకలో ఎండబెట్టి ఫ్యాక్టరీలకి తోలతారట. క్రిస్మస్‌కి అమ్మ పాలల్లో మరిగించి, పళ్ళెంలో పోసి, చల్లారాక ముక్కలు కోసే చైనా గ్రాస్ వచ్చేది అందులోంచేనట. ఆ మాట నిజమే. చిన్నప్పటి నించీ తింటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మావయ్య అక్కడితో ఆగితే ఆయన మావయ్య ఎందుకవుతాడు? ఇంకో రకం గోధుమరంగు నాచుని ఎండబెట్టి పొడి కొట్టి రేకుడబ్బాల్లో అమ్ముతుంటే, అవి ఒక పెట్టెడు మోసుకొచ్చాడు. డబ్బా మీద చేప బొమ్మ ఉంది, ఎంత తినాలో మాత్రం లేదు.

ఆ డబ్బాలు మా ఇంటికి నేరుగా రాలేదు. దేవుడి మీదుగా వచ్చాయి. మాది లూథరన్ కుటుంబం. మా చర్చిలో కోతల పండగ అని ఒకటుంది. పంట ఇంటికొచ్చాక అందరూ తమ తమ మొదటి ఫలాలు తెచ్చి బల్లముందు పెడతారు. కర్లపాలెం నించి వరికంకుల కట్టలు, పిట్టలవానిపాలెం నించి గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, బుట్టల్లో గుడ్లు, అరటిగెలలు. పాస్టరుగారు ప్రార్థన చేశాక వాటిని అక్కడే వేలం వేస్తారు. దేవుడి ముందు పెట్టిన వస్తువు కాబట్టి దానికి వంక పెట్టకూడదు, ఇంటికి తెచ్చుకున్నాక పారెయ్యకూడదు. ఆ ఏడు మావయ్య తెనాలి నించి పనిగట్టుకుని వచ్చి, గుమ్మడికాయల పక్కన నాచు డబ్బాలు వరసగా పేర్చాడు. ఆయనకి పొలం లేదు, పెరడు లేదు. ఇది సముద్రం పంట అన్నాడు. పాస్టరుగారు కోడికీ గుమ్మడికాయకీ నాచుకీ కలిపి ఒకే ప్రార్థన చేశారు.

వేలంలో కోళ్ళు పోయాయి, గెలలు పోయాయి. డబ్బాల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నోరెత్తలేదు. సంఘ పెద్ద డబ్బా ఎత్తి అటూ ఇటూ చూపించాడు. వెనకనించి ఎవరో, అది ఎరువాండి అని అడిగారు. నవ్వులు. మావయ్య మొహం మాడిపోయింది. బావమరిది పరువు పోతుంటే నాన్న చూస్తూ ఊరుకోలేకపోయాడు. బావమరిది పరువని అందరూ అనుకున్నారు గానీ, అంత చదువుకున్నవాడు మా చుట్టం అని ఆఫీసులో చెప్పుకునే తన గొప్పే అది. మొత్తం డబ్బాలు ఆయనే పాడుకుని రిక్షాలో వేయించుకుని ఇంటికి తెచ్చాడు. ఆ సాయంత్రం మావయ్య వసారాలో కూర్చుని పాఠం చెప్పాడు. నాచులో పీచుంటుంది, ఖనిజాలుంటాయి, అన్నిటికీ మించి అయోడిన్ ఉంటుంది. గొంతులో గడ్డ రావడానికి కారణం ఏంటి? అయోడిన్ లోపం. కాబట్టి మందేంటి? నాచు. ఎంత వాడాలన్నయ్యా అని అమ్మ అడిగింది. నాకు బాగా గుర్తు, ఆ ప్రశ్న అడిగింది ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే.

“ఇదేమన్నా మందా అమ్మా, కొలుచుకోటానికి? ఆహారం. కందిపొడి వేసుకున్నట్టు వేసుకో,” అన్నాడు మావయ్య.

సముద్రం పక్కనే ఉన్న ఊళ్ళో, వాకిట్లోకి చేపల బుట్ట రాని రోజు లేని ఇంట్లో కూర్చుని, మా అమ్మకి సముద్రం చాలలేదని తేల్చాడు ఆ మహానుభావుడు. సైన్సు పుస్తకంలో ఉన్న ఒక్క వాక్యం పట్టుకుని, ఆ వాక్యం ఎవరి గురించి రాశారో చూసుకోలేదు. అది సముద్రం మొహం ఎరగని కొండ ప్రాంతాల వాళ్ళ గురించి. నాకప్పుడు ఇదంతా తెలీదు. తెలిసినా ఆయన నన్ను మాట్లాడనిచ్చేవాడు కాదు.

మా సంఘంలో ఆడవాళ్ళకి పిడికెడు బియ్యం అనే అలవాటుంది. ఎసట్లో పోసే బియ్యంలోంచి వండిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి పోతాయి. అమ్మ పెళ్ళయిన దగ్గర నించీ ఒక్క పూట తప్పలేదు. జ్వరంతో మంచం మీద ఉంటే, వంట చేసేవాళ్ళని పిలిచి గుర్తు చేసేది. నాచు డబ్బాలు వచ్చాక ఆ బియ్యం కుండ పక్కనే వాటికి చోటిచ్చింది. దేవుడికి పిడికెడు తియ్యడం, డబ్బాలోంచి పిడికెడు తీసి పప్పులోనో పులుసులోనో వెయ్యడం, రెండూ ఒకే పని అయిపోయాయి. ప్రార్థన చేసిన వస్తువు కదా, చిటికెడు వేస్తే చిన్నచూపు చూసినట్టుంటుందని ఆమె అనుకుంది. కందిపొడి చిటికెడు ఎవరు వేసుకుంటారు?

ఆ పప్పు వాసన చెప్పనలవి కాదు. పోటు తీశాక హార్బరు దగ్గర వేసే వాసన. నాన్న మొదటి వారం బుద్ధిగా తిన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆయన మలబద్ధకం తీరిపోయింది. నాచులో పీచు ఆ మాత్రం పని చేస్తుంది, ఆ మాటకొస్తే గోంగూర కూడా చేస్తుంది. కానీ నాన్న ఆ శుభవార్త ఆఫీసులో చెప్పాడు, వీధిలో చెప్పాడు, ఇంటి దగ్గర పెట్టుకున్న ప్రార్థన కూటంలో దేవుడు చేసిన మేలుకి సాక్ష్యంగా కూడా చెప్పాడు. చెప్పడం అయిపోయాక తినడం మానేశాడు. కంచం పక్కకి నెట్టి పచ్చడి వెయ్యమనేవాడు. కాలేజీ చదివే మా తమ్ముడు వాసన చూసే లేచిపోయేవాడు. నేను ఎప్పుడో వచ్చేదాన్ని, వచ్చినా ముద్ద ముట్టలేదు. మరి వండింది ఎవరు తినాలి? దేవుడి ముందు పెట్టిన వస్తువు పారెయ్యకూడదు. రెండు పూటలా గిన్నె అడుగంటా అమ్మే తినేది. ఇంటిల్లిపాదికీ వేసిన నాచంతా ఒక్క మనిషి కడుపులోకి పోయింది.

ఆమె చిక్కిపోవడం మొదలైంది. ఇక చూసుకోండి, జనం మెచ్చుకోలు. పదేళ్ళు వెనక్కి పోయారంది ఎదురింటావిడ. చీరాల నించి చీరల మూటతో వచ్చేవాడు కూడా, అమ్మగారికి ఇప్పుడు ఏ చీరైనా నప్పుద్దండి అన్నాడు. అంతకంటే విచిత్రం, అమ్మకి ఎక్కడలేని చురుకొచ్చింది. తెల్లారకముందే లేచేది. దుప్పట్లన్నీ ఉతికేసేది. మిరపకాయలు దంచేది, అటక మీది సామాను దించి తోమేది, మిట్టమధ్యాహ్నం గోడలకి సున్నం కొట్టేది. నిద్ర రాదు, ఆకలి విపరీతం, ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి, ఉపవాసాల వల్ల సన్నబడిందన్నారు. ఎండలు ముదిరాయి, అందుకే చెమటలన్నారు. దేనికైనా కారణం చెప్పే తెలివి మాత్రం అందరికీ ఉంది.

నాన్న ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మా ఆవిడ ఇప్పుడు మిషనండీ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అమ్మ పక్కనే నిలబడి తలొంచుకుని నవ్వేది. మావయ్య తెనాలి నించి మనుషుల్ని తెచ్చి చూపించడం మొదలుపెట్టాడు. ఇదిగో మా చెల్లెలు, అప్పుడెట్టా ఉండేదో తెలుసా, ఇప్పుడు చూడండి అని అమ్మని నిలబెట్టి, పళ్ళపొడి అమ్మేవాడు పళ్ళు చూపించినట్టు చూపించేవాడు. అప్పటికి ఆయన ఆ డబ్బాలు పార్సిలు మీద తెప్పించి నలుగురికీ అంటగడుతున్నాడులెండి. వచ్చినవాళ్ళకి అమ్మే టీలు పెట్టాలి. ఆమె పైటకొంగు కింద గడ్డ తగ్గిందా పెరిగిందా అని ఒక్కడూ చూడలేదు.

నేను ఎదురింటి ఫోన్‌కి రేపల్లె నించి అప్పుడప్పుడూ లైను కలుపుకుని అమ్మతో మాట్లాడేదాన్ని. రోజంతా గొంతులు వినే ఉద్యోగం నాది. ఎవరు అబద్ధం ఆడుతున్నారో, ఎవరు ఏడుపు దిగమింగుకుంటున్నారో వినగానే తెలిసిపోయేది. అమ్మ ఫోన్‌లో మాట వెతుక్కుని వెతుక్కుని మాట్లాడే మనిషి. అలాంటిది ఇప్పుడు గడగడా మాట్లాడుతోంది, మధ్యలో ఊపిరి అందక ఆగుతోంది. ఒంట్లో ఎలా ఉందంటే, నాకేంటే, నిక్షేపంలా ఉన్నా, మీ నాన్ననడుగు అంది. ఆమె ఒంటి సంగతి మా నాన్నని అడగాలట. చిరాకేసి ఫోన్ పెట్టేశాను. గుడ్ ఫ్రైడే సెలవుకి ఇంటికొచ్చాను.

ఆ రోజు చర్చిలో మధ్యాహ్నం ఆరాధన. లోపల ఉక్క. స్త్రీల సమాజం పాట పాడటానికి లేచింది. అమ్మ నా ముందు వరసలో నిలబడింది. ఆమె చేతిలో పాటల పుస్తకం వణుకుతోంది. చిన్న వణుకు కాదు, కాగితాలు రెపరెపలాడుతున్నాయి. పాట రెండో చరణం దాకా రాకుండానే ఆమె పక్కావిడ భుజం పట్టుకుని కిందికి జారిపోయింది. చుట్టూ చేరినవాళ్ళు కొంగులతో విసిరారు. ఉపవాసం కదండి, అందుకే అన్నారు. భక్తి గల మనిషి అన్నారు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. నాడి తడబడుతూ పరిగెడుతోంది, లెక్క పెట్టడానికి కూడా దొరకలేదు. ఆమె గుండె మీద చెయ్యి వేస్తే రవిక కదలడం కంటికి కనిపించింది. నాకు భయమేసింది. ఈ మనుషుల మధ్య ఈమె చచ్చిపోతుంది, వీళ్ళు అది కూడా మెచ్చుకుంటారు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే నాన్నతో పోట్లాడి, ఆమెని రైలెక్కించి తెనాలి తీసుకెళ్ళాను. ఆ పాత డాక్టరు దగ్గరికే. వెంట ఒక నాచు డబ్బా కూడా పట్టుకెళ్ళాను. కబురు తెలిసి మావయ్య ఆస్పత్రికే వచ్చాడు, చేతిలో గొడుగుతో, మొహంలో తగ్గని మాస్టారుతనంతో. డాక్టరు గడ్డ తడిమి చూశారు, చేతులు చాపమన్నారు, గుండె విన్నారు. ఏం తింటున్నారని అడిగారు. నేను డబ్బా బల్ల మీద పెట్టాను. ఆయన మూత తీసి వాసన చూసి, రోజుకెంత అని అడిగారు. అమ్మ పిడికిలి మూసి చూపించింది. ఆయన డబ్బా మూత బిగించి పక్కకి నెట్టారు.

తర్వాత ఆయన చెప్పింది నాకిప్పటికీ పాఠం లాగా గుర్తుంది, మావయ్య పాఠాలు ఒక్కటీ గుర్తులేకపోయినా. నాచు చెడ్డది కాదట. అయోడిన్ అందని చోట ఉండేవాళ్ళకి అది కొంచెం అందితే మేలే. కానీ కొన్ని రకాల్లో అయోడిన్ మనిషికి కావలసిన దానికి ఎన్నో రెట్లుంటుంది. పాతగడ్డ ఉన్నవాళ్ళకి ఒక్కసారిగా అంత పడితే ఆ గడ్డ రేగి, ఒంటిని పరిగెత్తిస్తుంది. ఆ పరుగే చిక్కిపోవడం, నిద్ర లేకపోవడం, వణుకు, గుండె దడ. ముదిరితే గుండె ఆగిపోవచ్చు. పైగా నాచు తానున్న నీళ్ళలో ఏ విషముంటే దాన్ని పీల్చుకుంటుంది, ఎక్కడ కోశారో తెలీకుండా డబ్బాల కొద్దీ తినకూడదు. బీపీ ఉన్నవాళ్ళకి అందులో ఉప్పు కూడా గొడవే. ఇవన్నీ ఆయన అమ్మ వైపు చూసి చెప్పారు. మావయ్య వైపు చూడలేదు.

మావయ్య ఊరుకుంటాడా? గొంతుగడ్డకి అయోడిన్ లోపమే కారణమని పుస్తకంలో ఉందండి, నేను ముప్పయ్యేళ్ళు చెప్పాను అన్నాడు.

“మీరు పిల్లలకి చెప్పింది సరైందేనండి మాస్టారూ,” అన్నారు డాక్టరు. “ఈవిడ గొంతులో ఉన్నది మాత్రం మీ పుస్తకం చదవలేదు. మండే పొయ్యిలో కిరసనాయిలు పోశారు మీరు.”

మావయ్య గాలి తీసేసినట్టయ్యాడు గానీ, ఓడిపోలేదు. ఆస్పత్రి మెట్లు దిగుతూ నాతో, మోతాదు మించింది అమ్మాయ్, అంతే, సరుకులో దోషం లేదు అన్నాడు. కందిపొడిలా వేసుకోమంది ఎవరు మావయ్యా అని అడిగాను. వినపడనట్టు గొడుగు విప్పాడు. అప్పటికింకా నీడలోనే ఉన్నాం.

అమ్మ రక్తం తీసి విజయవాడ పంపించారు. డాక్టరు అనుకున్నదే నిజమైంది. గుండె నెమ్మదించడానికి ఒకటి, గడ్డని అణచడానికి ఒకటి, మాత్రలు రాశారు. తిన్న నాచు ఒంట్లోంచి పోవడానికి కొన్ని నెలలు పడుతుందన్నారు. మిగిలిన డబ్బాలు నేనే మురుక్కాలవలో కుమ్మరించాను. దేవుడి ముందు పెట్టినవి అని నాన్న గొణిగాడు. దేవుడికి అభ్యంతరమైతే నన్నడుగుతాడులే అన్నాను. అమ్మ వాకిట్లో నిలబడి చూసింది. ఆ మౌనం చూసి, పిచ్చిది, అన్న మాట నమ్మి అమాయకంగా తినేసిందని ఆమె మీద కూడా కోపం తెచ్చుకున్నాను.

వానలు పడేసరికి వణుకు తగ్గింది. నిద్ర పట్టింది. చెంపల్లో కండ చేరింది. గుండె దడ పోయింది, దాంతో పాటు ఆ చురుకూ పోయింది. మళ్ళీ పాత నడక, పాత మాట. టీ ఆలస్యం కావడం మొదలైంది. ఎదురింటావిడ, అయ్యో మళ్ళీ ఒళ్ళు చేశారే అంది. నేను సెలవు మీద ఉన్న ఒక సాయంత్రం అమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నాన్న కుర్చీలో పేపరు చదువుతున్నాడు. చదువుతూ చదువుతూ, అలవాటుగా, పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

“ఆ పొడి తిన్నన్నాళ్ళు ఎంత చలాకీగా ఉండేదానివి. ఆ డాక్టరు మరీ భయపెట్టాడేమో. కాస్త తగ్గించి వాడితే పోయేదిగా.”

ఆయన్ని కడిగేద్దామని నోరు తెరిచాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. చేట పక్కన పెట్టింది. ఆయన వైపు తిరిగి, తొందర లేకుండా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు చెప్పింది.

“గుండె దడ మొదట్నించీ తెలుస్తానే ఉందండి. చేతులు వణకటమూ తెలుసు. చెబితే మానెయ్యమంటారు. మానేస్తే మళ్ళీ బద్ధకస్తురాలినవుతాను. పెళ్ళయిన దగ్గర్నించీ మీరు నన్ను పదిమందిలో మెచ్చుకుంది ఆ కాస్త కాలమేనండి. అందుకే తిన్నాను.”

నాన్న పేపరు మొహానికి అడ్డంగా ఎత్తుకున్నాడు. రోజంతా గొంతులు వినే దాన్ని, నిక్షేపంలా ఉన్నానని అమ్మ ఫోన్‌లో అన్నప్పుడు నేను విన్నదేంటో అప్పుడు అర్థమైంది. అమ్మ చేటలోంచి పిడికెడు బియ్యం తీసి, పక్కన పెట్టుకున్న చర్చి బియ్యం కుండలో వేసింది. మిగతావి చేటతో ఎత్తుకుని, తన మామూలు నడకతో, నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళింది.